నలభై ఏడో కుటుంబం

"ముట్టుకోవద్దు."

జయశీల ఆ మాట గట్టిగా అనలేదు. అయినా రిజిస్టరు మీదికి వెళ్లిన శుభాకర్ చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది. బుధవారం సాయంత్రం తర్వాత భార్య తనతో పలికిన మొదటి మాట అది. ఇవాళ శనివారం.

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వరండాలోకి వెళ్లి, రేవు వైపు నుంచి గాలికి కొట్టుకొచ్చిన ఎర్రటి ఖనిజం దుమ్మును సైకిలు చట్రం మీద తుడవసాగాడు. పొద్దుట తుడిచిందే మళ్లీ తుడుస్తున్నాడు.

వంటింటి గుమ్మంలో జయశీల అత్తగారు పుష్పకుమారి నిలబడి ఇద్దర్నీ చూసింది.

"మూడు రోజుల్నించి ఈ ఇంట్లో శుభ్రంగా ఉన్నది ఆ సైకిలొక్కటే. మనుషులు తినరు, మాటాడరు. నాను ముప్పై యేళ్లు వార్డుల్లో నర్సు పని సేసినాను. ప్రాణం మీదికొచ్చినోళ్లు కూడా మీకన్నా నయం, మంచినీళ్లయినా అడిగేవోళ్లు."

"అత్తయ్యా, దయచేసి."

"దయకేటి తక్కువ? పప్పు రెండుసార్లు వెచ్చబెట్టినాను. ఇంక దానికీ నా మీద దయ లేదు."

జయశీల చేతిసంచిలోంచి మడతలు మడతలుగా ఉన్న పొడవైన కాగితం తీసి బల్లమీద పరిచింది. యూనివర్సిటీ కంప్యూటరు గదిలో పొద్దున్నుంచి కూర్చుని తెచ్చిన కాగితం అది. ఎనిమిదేళ్ల తన పరిశోధన ఆ గదిలో చిల్లులు పొడిచిన పంచ్ కార్డుల రూపంలో, చెప్పుల పెట్టెల్లాంటి అట్టపెట్టెల్లో ఉంది. ఈ పొద్దు ఆమె ఆ పెట్టెలు విప్పి, ముప్ఫై ఒక్క కుటుంబాల కార్డులను చేతితో ఏరి పక్కన పెట్టి, మిగిలిన వాటిని మళ్లీ యంత్రానికి ఇచ్చింది.

యంత్రం పావుగంటలో జవాబు చెప్పింది. ఆ జవాబు ఆమె ఎనిమిదేళ్లను కొట్టిపారేసింది.

ఆమె చేస్తున్న పని చెప్పడానికి తేలిక, చేయడానికి కష్టం. ఫ్యాక్టరీకి భూములు వదిలిన పెదమెట్ట ఊరివాళ్లకు గాజువాక అవతల ఒక కాలనీ కట్టి ఇచ్చారు. 1975లో జయశీల ఆ కాలనీలో నూట ఎనభై కుటుంబాలను ఎంచుకుని, ఒక్కొక్క కుటుంబానికి ఒక నంబరూ, ఆ నంబరు వేసిన పసుపుపచ్చ చీటీ ఒకటీ ఇచ్చింది. ఏటేటా వేసవిలో వెళ్లి మళ్లీ ఆ నూట ఎనభై కుటుంబాలనే అడిగేది: ఏం తింటున్నారు, ఏం పని దొరుకుతోంది, పిల్లలు బడికి వెళ్తున్నారా. ఒక ఇంటిని పక్కింటితో పోలిస్తే తెలిసేది తక్కువ. ఆ ఇంటి ఇవాళను ఆ ఇంటి నిన్నతోనే పోల్చాలి, అప్పుడే భూమి పోయిన మనిషికి ఏమయిందో తెలుస్తుంది. ఇదీ ఆమె వాదన. పానెల్ అనే ఆ పద్ధతిని ఆమె విభాగంలో అంతకుముందు ఎవరూ చేపట్టలేదు.

నాలుగేళ్లపాటు ఆ కుటుంబాలు దిగజారుతూ వచ్చాయి. అయిదో ఏడు, 1979లో, ఒక్కసారిగా పుంజుకున్నాయి. ఆ పుంజుకోవడమే ఆమె వ్యాసానికి ప్రాణం. సోమవారం జరగబోయే ప్రొఫెసరు పదవి ఇంటర్వ్యూకు ఆ వ్యాసమే ఆమె బలం. వచ్చే బుధవారం కూర్చోబోయే ఫ్యాక్టరీ ఉద్యోగాల కమిటీ బల్లమీద ఉన్నదీ అదే. "నిర్వాసితులు తేరుకున్నారు కనుక రెండో విడత ఉద్యోగాలు అవసరం లేదు" అని ఆ కమిటీ తేల్చబోతోంది.

దేముడమ్మ రాకపోయి ఉంటే అలాగే తేలేది.

మొన్న బుధవారం సాయంత్రం దేముడమ్మ గాజువాక నుంచి బస్సెక్కి, అడుగుతూ అడుగుతూ మహారాణిపేటలో ఈ ఇంటికి వచ్చింది. తల మీద రాళ్లు మోసీ మోసీ పాపిట దగ్గర జుట్టు ఊడిపోయిన మనిషి. కొంగుముడి విప్పి, నాలుగు మడతలు పడిన పసుపుపచ్చ చీటీ చూపించింది.

"నాను నలభై ఏడునమ్మా. యేటా వొచ్చి రాసుకునీవోలివి కదా. నన్నెంచేత కొట్టేసినావు? మా గుంటడు సలమయ్యకి ఉద్దోగం రాదంటన్నారు. ఏదో పుస్తకంలో మేం బాగుపడిపోయినామని రాసుందంట. ఏటమ్మా, ఎవులు బాగుపడిపోయినారు?"

జయశీల రిజిస్టరు తీసి చూసింది. నలభై ఏడో కుటుంబానికి రేడియో ఉంది, ఫ్యాను ఉంది. దేముడమ్మ మాత్రం మొగుడి వైద్యం కోసం ఆ కాలనీ ఇల్లు 1978లోనే అమ్ముకుని, బస్సుల షెడ్డు వెనక రేకుల పాకలో ఉంటోంది.

ఇప్పుడు జయశీల బల్ల దగ్గర నుంచి లేచి వరండా గుమ్మంలోకి వచ్చింది.

"ఒక్కటి అడుగుతాను, చెప్పండి."

శుభాకర్ గుడ్డ పక్కన పెట్టాడు.

"1979లో నా బదులు నలభై ఏడో ఇంటికి వెళ్లారు. తలుపు కొట్టారు. దేముడమ్మ లేదు. సన్యాసిరాజు అనే మేస్త్రీ తలుపు తీశాడు. ఆ క్షణంలో మీరేమనుకున్నారు?"

"ఏమీ అనుకోలేదు."

"నా బాధ అదే."

"జయా, రేవులో పద్దెనిమిదేళ్లుగా నేను చేస్తున్న పనేమిటి? పొద్దున్నే ఓడలు ఆగే బెర్తుల చీటీ పట్టుకుని వెళ్తాను. మూడో బెర్తులో నిన్న ఒక ఓడ, ఇవాళ ఇంకో ఓడ. ఓడ వెళ్లిపోయిందని బెర్తు కొట్టేస్తామా? వచ్చిన ఓడ పేరు రాస్తాం. ఇక్కడా అదే చేశాను. పైగా నీ ఫారంలోనే గడి ఉంది, 'కుటుంబ యజమాని మారారా' అని. మారారు. అవునని టిక్కు పెట్టాను. ముప్ఫై ఒక్క ఇళ్లలో పెట్టాను. ఒక్కటి కూడా ఇంట్లో కూర్చుని పెట్టింది కాదు."

"మీరు రాసింది బెర్తు కథ. నాకు కావలసింది ఓడ కథ. అది ఎక్కడికి పోయింది, తేలిందా, మునిగిందా. నా శాస్త్రమంతా కలిపితే ఆ ఒక్క ప్రశ్నే."

"ఆ మాట అప్పుడు చెప్పవలసింది."

"చెప్పాను."

"ఆపరేషను మత్తులో చెప్పావు."

జయశీల చూపు సైకిలు మీదికి పోయింది.

1979 ఏప్రిల్ చివర జయశీలకు ఏడో నెల గర్భంలోనే బిడ్డ పోయింది. ఆమె గోడవైపు తిరిగి పడుకుని, "ఈ ఒక్క ఏడు తప్పితే గొలుసు తెగిపోతుంది" అని ఏడ్చింది. పానెల్ కోసమే ఏడుస్తోందని అందరూ అనుకున్నారు. తానూ అలాగే అనుకుంది. ఆ వారంలోనే శుభాకర్ సెలవు పెట్టి, ఫారాల కట్ట సైకిలుకు కట్టుకుని, గాజువాక దారి పట్టాడు. ఇరవై ఒక్క రోజులు ఎండలో తిరిగి, ముఖం నల్లగా మాడి, నూట ఎనభై ఫారాలు తెచ్చి ఆమె మంచం మీద పెట్టాడు. ఆమె జీవితంలో అంతకు ముందు గాని, ఆ తర్వాత గాని ఎవరూ ఆమెకు అలాంటి కానుక ఇవ్వలేదు.

తర్వాతి మూడేళ్లూ దూరాలు నడవలేని జయశీల ఇద్దరు విద్యార్థులను పంపింది. వాళ్లు ఆ ఫారాల్లో ఉన్న పేర్లనే పట్టుకుని వెళ్లారు.

"పోనీ, తప్పంతా నాదే అనుకో. నేను డిగ్రీ ఫెయిలైన గుమాస్తాని. మరి నువ్వు? ఒక్క ఏడాదిలో ముప్ఫై ఒక్క ఇళ్లలో యజమాని మారితే, అదేమిటని నన్ను ఎందుకు అడగలేదు?"

జయశీల ద్వారబంధం పట్టుకుంది. మూడు రాత్రులుగా తనను తాను అడుగుతున్న ప్రశ్న భర్త నోట వినేసరికి, అందులోని న్యాయం ఆమెకు మరింత స్పష్టంగా కనిపించింది.

"ఫలితం బాగుంది కనుక అడగలేదు. దిగజారుతున్న వాళ్లు లేచారని వస్తే సంతోషించాను. దుఃఖం వస్తే పదిసార్లు సరిచూసేదాన్ని."

"తప్పు సేసినోళ్లు ఒప్పుకోవాల, అంతే," అంది పుష్పకుమారి లోపలి నుంచి. "దేవుడి ఎదరా, మనుషుల ఎదరా. ఇందులో ఇంత చర్చేటి?"

శుభాకర్ తల్లి వైపు ఒక్కసారి చూసి, మళ్లీ గుడ్డ అందుకున్నాడు.

*

సాయంత్రం ఆరు గంటలకు గురునాథరావుగారి స్కూటరు ఇంటి ముందు ఆగింది. ఆయన విభాగానికి అధిపతి, జయశీలకు గురువు. పొద్దున కంప్యూటరు గదిలో ఆమె ఏం చేసిందో ఆయనకు అప్పుడే తెలిసిపోయిందని ఆయన నడకలోనే కనిపించింది.

కుర్చీలో కూర్చుని, కాగితం మడతలు విప్పి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, అంకెలన్నీ చూశారు. కాఫీ చల్లారిపోయింది.

"పెరుగుదల పోయిందన్నమాట."

"పోవడం కాదు సార్. ఎప్పుడూ లేదు. ఇల్లు అమ్ముకుని వెళ్లిపోయిన వాళ్ల చోట కొనుక్కున్న వాళ్లు వచ్చి కూర్చున్నారు. ఆ కొన్నవాళ్ల సంపాదన చూసి, అమ్ముకున్నవాళ్లు తేరుకున్నారని రాశాను."

"అమ్మా జయశీలా, పెద్ద పెద్ద దేశాల్లోనే ఇలాంటివి జరుగుతాయి. సవరణ వ్యాసం రాద్దాం. ఇద్దరం కలిసి రాద్దాం. సోమవారం ఇంటర్వ్యూ గడిచిపోనీ."

"బుధవారం కమిటీ కూర్చుంటుంది సార్. సవరణ అచ్చయ్యేసరికి ఏడాది పడుతుంది. ఆ కుటుంబాల పిల్లల పేర్లు ఈలోగానే కొట్టేస్తారు."

"అయితే కమిటీకి ఒక ముక్క రాయి. తాత్కాలికంగా పెట్టుకున్న సర్వేయరు ఒకడు పొరపాటు చేశాడని రాయి. పేరు అక్కర్లేదు. ఎవరూ తప్పు పట్టరు."

"ఆ ఏడాది వివరాలు నేనే స్వయంగా సేకరించానని పరిశోధన గ్రాంటు కాగితాల మీద సంతకం పెట్టాను."

గురునాథరావుగారు కళ్లద్దాలు కిందికి దించుకున్నారు. వరండాలో సైకిలు చక్రం తిరుగుతున్న చప్పుడు ఆగిపోయింది.

"ఎవరు సేకరించారు మరి?"

జయశీల వరండా వైపు చూసింది. ఆయన కూడా అటు తిరిగారు.

"ఎవరికి తెలుసు?"

"ఇప్పుడు మీకు తెలుసు సార్."

"నన్నెందుకమ్మా ఇందులోకి లాగుతావు?" ఆయన గొంతులో కోపం కన్నా అలసటే ఎక్కువగా ఉంది. "ఆ గదిలోకి పద్నాలుగేళ్లుగా ఇంటర్వ్యూలకు వెళ్తున్నాను. బల్లకు అటువైపు కూర్చున్న వాళ్లలో ఒక్క ఆడమనిషిని చూడలేదు. మిషన్ బడిలో చదివిన పిల్లకి ఎకనామెట్రిక్స్ ఎందుకు, ఇంగ్లీషు చెప్పుకోమనండి అన్నవాళ్లతో నీకోసం పోట్లాడాను. ఇప్పుడు నీ అంతట నువ్వే వాళ్ల చేతికి కత్తి ఇస్తానంటావు. నువ్వు ఆ కుర్చీలో కూర్చుంటే ఎందరు దేముడమ్మల గురించి రాయగలవో ఆలోచించావా?"

"ఆలోచించాను సార్. మొదటి దేముడమ్మను తొక్కి ఆ కుర్చీ ఎక్కితే, రెండో దేముడమ్మ నా ముందుకొచ్చి నిలబడినప్పుడు ఏ ముఖంతో రాసుకోను?"

ఆయన లేచారు. గడప దాటబోతూ వెనక్కి తిరిగి, ఆమె తల మీద చెయ్యి పెట్టబోయి, మానుకున్నారు.

"సోమవారం పది గంటలకు. ఈలోగా నువ్వేం రాసినా నాకు చూపించకు. చూస్తే ఆపుతాను. ఆపకపోతే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. రెండూ నాకు వద్దు."

స్కూటరు మలుపు తిరిగింది. శుభాకర్ చీకటి పడిన వరండాలో అలాగే నిలబడి ఉన్నాడు.

"నా పేరు రాస్తావా?" అన్నాడు, ఆమె వైపు చూడకుండానే.

"రాయకుండా నిజం ఎలా చెప్పను?"

"అదీ నిజమే," అన్నాడతను. ఇంకేదో చెప్పబోయి, పెదవి కొరుక్కుని, సైకిలును గోడకు ఆనించి లోపలికి వెళ్లిపోయాడు. అభిమానం దెబ్బతిన్న మగవాడి మౌనమని జయశీల అనుకుంది. ఫలితం బాగుందని ముప్ఫై ఒక్క గడుల సంగతి అడగని మనిషి, భర్త మౌనం సంగతి మాత్రం అడుగుతుందా? అడగలేదు.

*

ఆదివారం తెల్లవారేసరికి శుభాకర్ ఇంట్లో లేడు. సైకిలు మాత్రం గోడకు ఆనించి ఉంది.

"మొదటి బస్సుకి ఎల్లిపోయినాడు. ఎక్కడికో సెప్పలేదు. టీ కూడా తాగలేదు," అంది పుష్పకుమారి. చర్చికి వెళ్లడానికి తెల్లచీర కట్టుకుని, బైబిలు గుడ్డసంచిలో పెట్టుకుంటోంది.

జయశీల బల్ల ముందు కూర్చుని కమిటీకి ఉత్తరం రాస్తోంది. కాన్వెంటులో సిస్టర్లు బెత్తంతో నేర్పిన గుండ్రటి దస్తూరి. కొట్టివేతలు లేవు. ప్రతి వాక్యం తన చోటెరిగి కూర్చుంటోంది. నెగ్గినా ఓడినా ఇంత శుభ్రంగా ఏదీ రాయలేదనిపించి, ఆ గర్వానికి తానే సిగ్గుపడింది.

"రాయడమైందా?"

"అయింది."

"సదువు, ఇంటాను. చర్చి గంటకింకా టైముంది."

జయశీల చదివింది. "1979 మే నెల రెండో తేదీ నుంచి ఇరవై రెండో తేదీ వరకు క్షేత్రంలో వివరాలు సేకరించినది నేను కాదు. నా భర్త, రేవు ఉద్యోగి శ్రీ శుభాకర్. ఆయనకు ఈ పద్ధతిని సరిగా వివరించకపోవడం, ఆ తర్వాత సరిచూడకపోవడం నా తప్పులు. నేనే సేకరించానని సంతకం చేయడం అంతకన్నా పెద్ద తప్పు. కనుక నా వ్యాసాన్ని ఉపసంహరించుకుంటున్నాను. ఈ వ్యాసం ఆధారంగా ఏ కుటుంబానికీ ఉద్యోగం నిరాకరించరాదని కోరుతున్నాను."

పుష్పకుమారి గుడ్డసంచిని మెల్లగా బల్లమీద పెట్టింది. ఎదురు కుర్చీ లాక్కుని కూర్చుంది. ముప్పై ఏళ్లు వార్డుల్లో నిలబడి పనిచేసిన ఆమె, పగటిపూట కుర్చీలో కూర్చోవడం జయశీల ఎన్నడూ చూడలేదు.

"తేదీలు కూడా రాసినావా?"

"రాయాలి కదా అత్తయ్యా."

"ఆ తేదీల్లో వాడు కామెర్లతో మంచం మీదున్నాడు."

"ఎవరు?"

"వాడే. వాళ్ల ఆపీసు కాగితాల్లో."

జయశీల కలం బల్లమీద పెట్టేసింది.

"మామూలు సెలవు అడిగినాడు. ఆ నెల్లో ఓడలెక్కువ, కుదరదన్నారు. నువ్వు సూస్తే గోడకేసి తిరిగి పడుకున్నావు. నాలుగు రోజులు గంజి ముట్టలేదు. ఈ పిల్ల కూడా పోతాదేమోనని నాకు బెంగ." ఆమె చేతులు తెల్లచీర కుచ్చిళ్లను సర్దుతున్నాయి. "నా దగ్గర పని నేర్చుకున్న డాక్టరే. నానెల్లి కామెర్లని రాసిన సెలవు చీటీ ముందర పెట్టినాను. సిస్టరమ్మ అబద్ధమాడదని సదవకండానే సంతకం పెట్టినాడు. నా సర్వీసులో అదొక్కటే అబద్ధం."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు వొద్దంటావని. నిన్న రాత్రి వాడితో అన్నాను, సెప్పెయ్యిరా అని. సెప్తే జయ చెయ్యి ఆగిపోద్ది, ఆగకూడదు అన్నాడు. నానూ నోరు మూసుకుందామనే అనుకున్నాను." పుష్పకుమారి ఉత్తరం వైపు చూసింది. "తేదీలు లేపోతే మూసుకునీదాన్నే. దొంగ చీటీతో సెలవు పెట్టినోణ్ని ఉంచుతారేటి? పద్దెనిమిదేళ్ల సర్వీసు. నిన్ననే కదా పెద్ద నోరేసుకుని అన్నాను, తప్పు సేసినోళ్లు ఒప్పుకోవాలని."

దూరంగా చర్చి మొదటి గంట మోగింది. ఆమె లేవలేదు.

న్యాయం తన ఒక్కదాని మెడ మీదే పడుతుందనుకున్నప్పుడు జయశీలకు భయం వేయలేదు; ఎక్కడో ఒక మూల తృప్తిగా కూడా ఉంది. ఇప్పుడు అదే ఉత్తరం, అవే అక్షరాలు. ఇంట్లో మిగిలిన ఇద్దర్నీ కూడా నిలబెట్టి అడుగుతున్నాయి.

గేటు చప్పుడైంది.

ముందు శుభాకర్. అతని వెనక దేముడమ్మ. ఆమె వెనక ఇంకా జనం: ఒక ముసలాయన, చంకలో పిల్లతో ఒక ఆడమనిషి, ఒంటికాలి మీద కర్రతో నిలబడిన మరొకతను. మొత్తం తొమ్మిదిమంది. కొందరి చేతుల్లో పసుపుపచ్చ చీటీలు. కొందరివి చిరిగి సగమే మిగిలాయి.

"ముప్ఫై ఒక్కరిలో తొమ్మిదిమందే దొరికారు," అన్నాడు శుభాకర్, జయశీలతో కాదు, నేలతో. "ఇద్దరు పోయారట. మిగిలినవాళ్లు ఎటు వెళ్లారో ఇంకా వెతకాలి."

"ఎండకి నిలబడిపోయినారు, కూకోండి," అంటూ పుష్పకుమారి లేచి మంచినీళ్ల కోసం లోపలికి వెళ్లింది.

దేముడమ్మ గడప దగ్గరే చతికిలబడి, చీటీ నేలమీద పరిచి, అరచేత్తో మడతలు సాపు చేసింది.

"నలభై ఏడు వొచ్చిందమ్మా. రాసుకో. బుధవారం మేమందరం కమిటీ బాబుల కాడికి ఎల్తాం. ఈ బాబే సెప్పినారు, తప్పెలగ జరిగిందో. మా పేర్లు దించేసి రాసుకెల్లింది ఎవులని ఆళ్లు అడుగుతారు కదా? బస్సులో అడిగినాను, ఆ రాసినోడి పేరేటి బాబూ అని. 'అమ్మగారినే అడుగు, ఆవిడే సెప్తారు' అన్నారు."

లోపల నుంచి గ్లాసుల చప్పుడు ఆగిపోయింది. శుభాకర్ తలెత్తి, నాలుగు రోజుల్లో మొదటిసారి, భార్య ముఖంలోకి నేరుగా చూశాడు.

"ఏటమ్మా, ఊరుకున్నావు?" అంది దేముడమ్మ. "ఏటి పేరు సెప్పమంటావు?"